హల్లు

"అప్పా, హల్లు నోవు" అనింది
బడి సంచి దించకుండానే.
బెంగళూరులో పుట్టిన పిల్ల,
ఏడుపు కన్నడంలో వస్తుంది, నవ్వు తెలుగులో.
నాకేమో మదనపల్లె పలక కళ్ళ ముందుకొచ్చింది,
క నుంచి వరసగా హల్లులు.
ఏ అక్షరం నొప్పి పెట్టిందమ్మా అనబోయి
నాలిక్కరుచుకున్నాను.
ఇక్కడ హల్లంటే పన్ను.

ఆ వారమే మహదేవపుర బడికి పండ్ల డాక్టర్లు వచ్చినారు.
అందరి చేతా ఎర్రమాత్ర నమిలించినారు.
పాచి ఉన్న చోట ఎరుపు ఉండిపోతుందంట.
మా నందిత ఇకిలిస్తే
వక్కాకు నమిలే ముసలమ్మే.
పిల్లలంతా ఒకర్నొకరు చూసుకుని పడీ పడీ నవ్వినారంట,
టీచరమ్మ కూడా.
చీటీ మీద మాత్రం నవ్వు లేదు.
వెనక రెండు దవడపండ్లకు సున్నాలు చుట్టి,
"ఇవి ఊడి మళ్ళీ మొలిచేవి కావు" అని రాసినారు.

ఎవర్ని తిట్టేది?
అంగట్లో ఐదు రూపాయల జెల్లీనా,
రోజు మార్చి రోజు వచ్చే ట్యాంకరునా?
రెడ్డెమ్మ రెండు అపార్ట్‌మెంట్లలో వంట ముగించి వచ్చేసరికి తొమ్మిదిన్నర,
అప్పటికి పిల్ల బుగ్గలో బిస్కెట్టుతోనే నిద్ర.
నేను రాత్రంతా ఇంకొకరి గేటు కాస్తుంటాను.
కార్లు లెక్క రాస్తాను, నంబర్లతో సహా.
నా కూతురి నోట్లోకి ఏం పోతోందో
ఏ రిజిస్టర్లోనూ లేదు.

అందుకే ఫోను.
రాత్రి తొమ్మిదికి నేను చేస్తాను,
అది ఫోను బుగ్గకి ఆనించుకుని తోముతుంది.
రెండు నిమిషాలు.
గర్ గర్ గర్,
కొబ్బరి తురిమినట్టు.
మూడో రోజు గర్‌గర్ లేదు, కొళాయి చప్పుడు ఒక్కటే.
"బ్రష్షు తడిపి పెట్టేసినావు కదూ?"
కాసేపు ఏమీ పలకలేదు.
"నీకెట్ల తెలుసు?"

ఎట్ల తెలుసంటే,
మా నాయన వేపపుల్ల ఇస్తే
కొస నమిలి, ఉమ్మి,
తోముకున్నానని నోరు తెరిచి చూపించినవాణ్ణి నేను.
ఆ మాట ఫోన్లో చెప్పలేదు.
మర్నాడు మెడికల్ షాపులో
ఇరవై ఐదు రూపాయలకు బ్రష్షు కొన్నాను.
నాకు.

ఇప్పుడు తొమ్మిదయితే
గేటు పక్క క్యాబిన్లో నేను, అద్దె గదిలో అది,
ఇద్దరమూ ఒకేసారి.
నోటినిండా నురగతో ఒక కారుకి సెల్యూట్ కొట్టినాను,
లోపలి మనిషి అద్దం దించి మరీ చూసినాడు.
సూపర్‌వైజర్‌కి పోయిందేమో కబురు, పోనీ.
క్రోటన్ కుండీల వెనక ఉమ్మి,
సీసా నీళ్ళతో పుక్కిలించి,
"లెక్క ఎంత?" అంటాను.
"నూటా పదకొంద్వు" అంటుంది.

అంకె సరిగ్గా పలకదు, ముందు పండ్లు రెండూ ఊడినాయి.
త, ద, న.
నాలిక పోయి పండ్లకి తగిలితేనే పలికేవి,
దంత్యాలని మా తెలుగు అయ్యవారు నేర్పినారు.
దాని పేరు మొత్తం అవే, నందిత.
పన్ను లేకపోతే తన పేరు తనకే జారిపోతుంది.
హల్లు పోతే హల్లు పోతుంది, ఏ భాషలో చెప్పుకున్నా.
ముందువి వస్తాయిలే, కొసలు అప్పుడే కనబడుతున్నాయి.
నా దిగులు వెనకవాటి గురించే.
పోయిన శనివారం ఒకదానికి సిమెంటు పెట్టించినాము.
కుర్చీలో నా బొటనవేలు పట్టుకుని
పైకప్పు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టింది,
మూడే ఉంటే నలభై దాకా.

నిన్న రాత్రి మధ్యలో ఆపి
డాక్టరమ్మ గొంతు పెట్టి అనింది:
"నాన్నా, నువ్వు ఎడమపక్క వెనక తోమడంల్యా.
చప్పుడు రావడంల్యా నాకు."

అక్కడ తోమడానికి ఏమీ మిగల్లేదని
దానికింకా చెప్పలేదు.
చిగురు మీద మెల్లగా ఆడించి
చప్పుడు చేసినాను.